మూడువందలవ పేరు

మా బావ మింకో కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. బడిలో పాఠం చెప్పేటప్పుడు కూడా కూర్చునేవాడు కాదు. గోడకీ కిటికీకీ మధ్య నడుస్తూ చెబుతుంటే పిల్లల మెడలు నొప్పెట్టేవి. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే గనుక ఆ నొప్పి నాకూ తెలుసు.

మా కొండ ఊరు కోటెల్‌లో మగవాళ్ళు ఊళ్ళు తిరగడం వింతేమీ కాదు. వసంతంలో జార్జి పండుగ కాగానే గొర్రెలతోనో ఉన్ని బేళ్ళతోనో కొండ దిగుతారు, చలి మొదలయ్యే దిమితర్ పండుగకి తిరిగొస్తారు. మధ్యలో ఆరునెలలూ ఊరు ఆడవాళ్ళది, మగ్గాలది. అయితే వాళ్ళు గొర్రెల కోసం వెళ్తారు. మా బావ పేర్ల కోసం వెళ్ళేవాడు.

ఆ రోజుల్లో పుస్తకం రాసినవాడే సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరగాలి. ఇలాంటి పుస్తకం రాశాను, మీ పేరివ్వండి అని గుమ్మం గుమ్మం దగ్గరా అడగాలి. పేరిచ్చినవాడి సొమ్ముతోనే పుస్తకం అచ్చవుతుంది. బదులుగా అతని పేరు, ఊరు పుస్తకం చివర అచ్చు వేస్తారు. కొందరు భార్యల పేర్లు వేయించేవారు, కొందరు ఉయ్యాల్లో ఉన్న పిల్లలవి, కొందరు పోయినవాళ్ళవి. పుస్తకం చేతికి రాగానే అందరూ తిప్పేది ఆ చివరి పేజీలే. అంచులు కలిసి వచ్చే ముందు పేజీలు కత్తిపెట్టి విడదీయకుండా అలాగే ఉన్న ఇళ్ళు నాకు పదైనా తెలుసు.

షుమెన్‌లో ఇద్దరు బట్టల వర్తకులు ఎవరి పేరు ముందుండాలని మూడు రోజులు కొట్టుకున్నారట. చివరికి మా బావ ఒకాయన పేరు ముందు వేస్తానన్నాడు, రెండో ఆయన పేరు పెద్ద అక్షరాల్లో వేస్తానన్నాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుని ఆయనకి చెరో గిన్నెడు సారా పోశారు. ఊళ్ళో ఇంత నేర్పు ఉన్న మనిషికి ఇంట్లో ఆ నేర్పంతా ఎక్కడికి పోయేదో!

ఇంతకీ ఆయన రాసింది ఉత్తరాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం. తండ్రికి కొడుకు, వర్తకుడికి వర్తకుడు, దూరదేశం నుంచి భార్యకి భర్త, ఇలా నూటపది నమూనాలు. ఆ వేసవిలో ఆయన మా అక్కకి పంపిన ఉత్తరాలన్నీ ఆ నమూనాల్లోవే. అక్కకి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించేదాన్ని. "ప్రాణసమానురాలా, ఈ దూరం దేహానికే గాని హృదయానికి కాదు" అని చదవగానే అక్క మగ్గం ఆపి అడిగేది.

"ఇది నాకు రాసిందేనా కెరా?"

"పైన నోనా అని నీ పేరే ఉంది."

"కింద ఎప్పుడొస్తాడో ఉందా?"

"లేదు."

"అయితే ఎవరికో రాసింది. మడిచి పెట్టెయ్."

మా అక్క నోనా ఊరికే అలిగే మనిషి కాదు. ఆమెకి అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మొదటివాడు పుట్టినప్పుడు బావ ప్లోవ్‌దివ్‌లో లెక్కల పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాడు. రెండోవాడప్పుడు బుకారెస్ట్‌లో ఉన్నాడు. ఇద్దరి మొహాలూ చూడలేదు. పెద్దవాడి కళ్ళు ఎలా ఉండేవని ఒకసారి అక్కని అడిగాడు. అక్క లేచి కట్టెలు తేవడానికి వెళ్ళిపోయింది.

ఆ ఏడు జార్జి పండుగ మర్నాడు ఆయన గుర్రం మీద సంచి కడుతుంటే అక్క గుమ్మంలో నిలబడింది. అప్పటికి మూడో నెల.

"మాస్టారూ," అంది. కోపం వస్తే అందరిలాగే తనూ మాస్టారూ అనేది. "మూడోసారి. ఈ బిడ్డ మొహం మీరు చూడాలి. నేను అడిగేది ఇదొక్కటే."

"దిమితర్ పండుగకి ముందే వచ్చేస్తా నోనా. మూడొందల పేర్లు దొరకగానే వచ్చేస్తా."

"పేర్ల సంగతి నేను అడగలేదు."

ఆయన తలూపి గుర్రమెక్కాడు. ఊరి చివర వంతెన దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఏమైనా మర్చిపోయావా బావా అని అడిగితే ఏమీ లేదన్నాడు. అక్క చెయ్యి పట్టుకుని, వదిలి, మళ్ళీ వెళ్ళాడు. ఇంట్లో ఉంటే దారి లాగుతుంది, దారిలో ఉంటే ఇల్లు లాగుతుంది. అలాంటి మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో మా అక్కని చూసి తెలుసుకున్నాను.

పుట్టింది ఆడపిల్ల. సెప్టెంబరులో, నెల ముందే పుట్టింది. గుప్పెడంత ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. మా దగ్గర బిడ్డకి పేరు పెట్టే హక్కు తల్లిదండ్రులది కాదు, దగ్గరుండి బాప్తిస్మం ఇప్పించే జ్ఞానపితది. ఆయన గుడిలో ఏ పేరు పలికితే అదే. అంతకుముందు ఎవరూ అడక్కూడదు, ఊహించి పైకి అనకూడదు, అంటే బిడ్డకి మంచిది కాదు. మాకు జ్ఞానపిత ఉన్ని వర్తకుడు వల్కో గారు. ముక్కు మీద కోపం గల మనిషి గాని మనసు మంచిది. మూడో రోజునే పిల్లని పొట్టేలు తోలులో చుట్టుకుని గుడికి తీసుకెళ్ళి స్టోయ్కా అని పేరు పెట్టాడు. నిలిచి ఉండేది అని అర్థం, పిల్లలు దక్కని ఇళ్ళలో పెట్టే పేరు అది.

ఆ సాయంత్రమే అక్క నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. ఆడపిల్ల, పేరు స్టోయ్కా, బలహీనంగా ఉంది, వెంటనే రండి. చివర ఒక మాట తానుగా చెప్పి రాయించింది: "పుస్తకం వెనక మన బిడ్డ పేరు వేయించండి. ముందు ఇద్దరికీ ఎక్కడా పేరు మిగల్లేదు."

సెప్టెంబరు చివరిదాకా షుమెన్ సత్రంలో ఉంటానని బావ రాశాడు. ఉత్తరం అక్కడికి చేరేసరికి ఐదు రోజుల ముందే వెళ్ళిపోయాడు. అక్కడ పేర్లు అయిపోయాయట, కాళ్ళు నిలవలేదట. రెండో ఉత్తరం టర్నోవోకి పంపాం. అక్కడా అంతే, రెండు రోజుల తేడా. ఎక్కడ ఎన్నాళ్ళు ఉంటానన్నాడో అన్నాళ్ళు ఉంటే మొదటి ఉత్తరమే అందేది. ఇంటికి త్వరగా రావాలనే తొందర పడ్డానని తర్వాత ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. నమ్మాను. నమ్మాను కాబట్టే ఇంకా ఒళ్ళు మండింది.

మూడో ఉత్తరం వల్కో గారు తన గుర్రాల మనిషికిచ్చి పంపాడు. "వాడు ఏ సత్రంలో ఉన్నా మెడ పట్టుకుని చేతిలో పెట్టు," అన్నాడు. అతను డాన్యూబ్ ఒడ్డున స్విష్తోవ్‌లో పట్టుకున్నాడు. బావ రేవులో అటూ ఇటూ నడుస్తున్నాడట.

"మాస్టారూ, మిమ్మల్ని పట్టుకోవడం కంటే తోడేలుని పట్టుకోవడం నయం. గుర్రానికి నాడాలు అరిగిపోయాయి. ఇదిగో, మీ ఇంటినుంచి."

బావ ఉత్తరం నిలబడే చదివాడు. చదివి నదివైపు చూశాడు. పేర్ల జాబితా ఆ ఉదయమే పడవలో బ్రయిలాకి, అచ్చుకూటానికి, వెళ్ళిపోయింది. ఆరోజు దాటితే మళ్ళీ వసంతం దాకా అచ్చు వేయమని వాళ్ళు ముందే చెప్పారు. ఆయన దగ్గర రెండువందల తొంభై తొమ్మిది పేర్లున్నాయి. మూడొందలు లేనిదే వాళ్ళు అచ్చు మొదలుపెట్టరు, ఒక్కటి తక్కువ. ముందురోజంతా స్విష్తోవ్‌లో ఎంత తిరిగినా ఆ ఒక్కటి దొరకలేదు. అప్పుడు పుట్టబోయే తన బిడ్డ గుర్తొచ్చింది. కాన్పు దిమితర్ పండుగ నాటికే కదా, మగపిల్లాడే పుడతాడు కదా, ఆ పండుగ పేరు కాక వల్కో గారు ఇంకేం పేరు పెడతాడు అనుకున్నాడు. చివరి వరసలో తన చేత్తో రాశాడు: కోటెల్ నుంచి, మింకో కుమారుడు దిమితర్.

పొరుగూరి వాడెవడైనా అలా చేస్తే బావే తిట్టేవాడు, జ్ఞానపిత నోట్లోంచి రావాల్సిన మాటని నువ్వెలా రాస్తావని. కానీ ఒక్కడే, రేవులో, ఇల్లు గుర్తొచ్చి, రాసేశాడు.

పడవని అందుకోవడానికి ఇంకో పడవ దొరుకుతుందా అని అరగంటసేపు రేవు ఆ చివర నుంచి ఈ చివరదాకా అడిగాడట. తర్వాత ఏమనుకున్నాడో, గుర్రం జీను మీద చెయ్యి వేశాడు. నాలుగు రోజుల దారి మూడు రోజుల్లో వచ్చాడు. చెప్పిన రోజుకంటే ముందే రావడం అదే మొదటిసారి.

వచ్చేసరికి అక్క పొయ్యి దగ్గర పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంది. లేవలేదు. పిల్లని కాస్త పైకెత్తి పట్టుకుంది, అంతే. బావ బూట్లు కూడా విప్పకుండా వచ్చి తీసుకున్నాడు. చాలాసేపు మొహంలోకే చూశాడు. తర్వాత మా వైపు తిరిగి, "కళ్ళు నావే," అన్నాడు.

"పేరు వేయించారా?" అని అడిగింది అక్క.

ఆయన నా వైపు చూశాడు. అప్పటికి నాకేం తెలుసు!

"వేయించాను," అన్నాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు బావ గుమ్మం దాటలేదు. పిల్లని భుజాన వేసుకుని పొయ్యికీ కిటికీకీ మధ్య నడిచేవాడు. ఆయన నడుస్తుంటేనే అది నిద్రపోయేది, ఆగితే ముక్కేది. ఇన్నాళ్ళకి నీ తిరుగుడు ఒకరికి పనికొచ్చింది బావా అన్నాను. నవ్వాడు. అక్క కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా అంతకుముందు ఎప్పుడు చూశానో గుర్తు లేదు.

పన్నెండో రోజు పొద్దున బావ నడుస్తూనే ఉన్నాడు. అక్క లేచి దగ్గరికి వెళ్ళి, పిల్ల చెంప మీద వేలు పెట్టి చూసింది. "ఇక చాలు. ఇలా ఇవ్వండి," అంది. ఆయన ఇవ్వలేదు. ఇంకో రెండుసార్లు కిటికీదాకా వెళ్ళి వచ్చాడు. అప్పుడు ఇచ్చాడు.

పిల్ల పోయిన నలభయ్యో రోజు దాని పేరున గోధుమలు ఉడికించి పంచాం. అప్పుడే బావ నన్ను దొడ్లోకి పిలిచి జాబితా సంగతి చెప్పాడు. నేను చడామడా తిట్టాను. అచ్చుకూటానికి వెంటనే ఎందుకు రాయలేదు? ఆ పదకొండు రోజులూ గుర్తే రాలేదట. తర్వాత గుర్తొచ్చేసరికి నది గడ్డకట్టింది. అక్కకి చెప్పు అన్నాను. చెబుతానన్నాడు. చలికాలమంతా బడికీ ఇంటికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరిగాడు గాని చెప్పలేదు.

మంచు కరిగి, కొంగలు వచ్చిన వారంలో పుస్తకాల పెట్టెలు వచ్చాయి. అక్క చేతులు తుడుచుకుని వచ్చి, ఒక పుస్తకం తీసి నాకు ఇచ్చింది.

"కోటెల్ పేర్లు చదువు."

బావ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఒక్కో పేరూ చదివాను. చివరిది వచ్చింది. బావ వీపు కేసి చూశాను. ఆ వీపు మీద ఒక్కటి వేయాలనిపించింది.

"మింకో కుమార్తె స్టోయ్కా," అని చదివాను.

"ఏదీ, ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. అక్క ఆ వరస మీద తన వేలు ఆనించింది, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది. పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"కెరా, నాకు చదవడం నేర్పు. రోజూ నిన్ను అడగలేను. దాని పేరు నేనే చదువుకుంటాను."

బావ ఆ మధ్యాహ్నమే ప్రయాణం కట్టాడు. పుస్తకాలు ఇళ్ళకి చేర్చాలి కదా అన్నాడు అక్కతో. గుర్రం దగ్గర నాతో అసలు సంగతి చెప్పాడు. సిరాబుడ్డి, కలం సంచిలో పెట్టుకున్నాడు. ఏ ఇంట్లో పుస్తకం ఇస్తే ఆ ఇంట్లోనే కూర్చుని, దిమితర్ కొట్టేసి స్టోయ్కా అని తన చేత్తో దిద్దుతాడట.

"ఇంట్లో ఉన్నది దిద్దవయ్యా ముందు!"

"ఎలా దిద్దను? ఆ వరస ఎలా ఉందో మీ అక్కకి కంఠతా వచ్చేసింది. సిరా గీత పడితే తెలియదూ? మిగతా అన్నిటిలోనూ నిజం ఉంటే అబద్ధం ఈ ఒక్క పుస్తకానిదే అవుతుంది కెరా."

"అంటే మా అక్కదే అవుతుంది."

ఆయన జీను బిగించాడు. ఉన్న ఒక్క మనిషి ముందు నిజం చెప్పడం కంటే రెండువందల తొంభై తొమ్మిది ఇళ్ళు తిరగడం ఈయనకి తేలిక అనుకున్నాను. అనుకోవడమేమిటి, పైకే అన్నాను. ఆయన దానికీ తలూపాడు. వల్కో గారింటికి మొదట వెళ్ళాడని, ఆయన పుస్తకం విసిరికొట్టి, తర్వాత తానే తీసి దుమ్ము దులిపి దిద్దించుకున్నాడని మర్నాడు తెలిసింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అబద్ధం చదివింది నేనే. ఆ వేసవంతా అక్కకి అక్షరాలు నేర్పాను, నేర్పకుండా నేర్పాను. ఒక అక్షరానికి రెండు వారాలు పట్టించాను. అక్క పేరుకి కావలసినవి నేర్పాను, రొట్టె, ఉన్ని, మగ్గం రాయించాను. పిల్ల పేరుకి కావలసినవి మాత్రం, అవి కష్టం, చివర్లో చెబుతానన్నాను. అక్క బూడిద పరచి పుల్లతో రాసుకునేది. ఆమెకి ఎంత త్వరగా వచ్చేస్తోందో చూస్తుంటే నాకు భయం వేసేది. బావ దగ్గర నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఈసారి నమూనాలు కావు. నేడు టర్నోవోలో ఇరవై ఇళ్ళు అయ్యాయి, వాన, కాలు బెణికింది అని రెండు వాక్యాలు, అంతే. అవి అక్కే, రాని అక్షరాల దగ్గర నన్ను అడుగుతూ, కూడబలుక్కుని చదివేది.

ఆగస్టులో ఒకరోజు నేను ఉన్నికి రంగు వేసి వచ్చేసరికి అక్క నేల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ పుస్తకం. మిగతా అక్షరాలు పాదిరిగారి భార్య దగ్గర నేర్చుకుందట, నెలరోజులైందట.

"ఈ దిమితర్ ఎవరు కెరా?"

నా చేతుల్లోంచి ఎర్రరంగు కారుతోంది. తుడుచుకోకుండానే చెప్పాను. పడవ సంగతి, రేవు సంగతి, రెండువందల తొంభై తొమ్మిది పేర్ల సంగతి, అన్నీ. కలం పట్టుకుని బావ ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో కూడా చెప్పాను.

అక్క ఆ వరస మీద మళ్ళీ వేలు ఆనించింది. "ఊరికొకడు, ఇంటికొకడు, అందరికీ తెలుసన్నమాట," అంది. "నాకు తప్ప."

"నన్ను కొట్టు అక్కా."

"కొట్టి ఏం చేయను? వెళ్ళి చేతులు కడుక్కో. కలం ఎక్కడుందో చెప్పు."

బావ దిమితర్ పండుగకి రెండు రోజుల ముందు వచ్చాడు. సన్నబడ్డాడు, కుంటుతున్నాడు. సంచి ఖాళీ. అక్క బూట్లు విప్పించి, బీన్స్ పులుసు పెట్టి, ఆయన తింటుండగా పుస్తకం తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది, చివరి పేజీ తెరిచి. దిమితర్ అన్న అచ్చు మీద అడ్డంగా గీత ఉంది. దాని పైన, పెద్దవీ చిన్నవీ వంకరటింకర అక్షరాలతో, సిరా మరకల మధ్య, స్టోయ్కా అని ఉంది.

బావ చెంచా కింద పెట్టాడు.

"అన్ని ఇళ్ళకీ వెళ్ళి చెప్పారు," అంది అక్క. కోపంగా అనలేదు. "దారిలో మన ఇల్లు తగల్లేదా మాస్టారూ?"

ఆయన లేవబోయాడు. కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. బరువుగా ఏం వేయలేదు, ఊరికే ఆనించింది. బావ మళ్ళీ కూర్చున్నాడు. పుస్తకం మీద మొహం పెట్టుకుని, పిల్ల పోయిననాడు ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. పులుసు చల్లారిపోయినా నేను పళ్ళెం తీయలేదు. చీకటి పడేదాకా ఆ మనిషి ఆ చోటినుంచి కదల్లేదు.